అబద్ధం తేలితే: రద్దు క్లాజా, పరిహారం క్లాజా?

బెంగళూరులో పాత ఫ్లాట్ కొనే మనవాళ్ళకు అడ్వాన్స్ ఇచ్చే ముందు వచ్చే సందేహమిది. అమ్మేవారు "ఎ ఖాతా (పన్ను రికార్డుల్లో సక్రమమైన ఆస్తిగా నమోదు) ఉంది, కావేరి నీళ్ళ కనెక్షన్ ఉంది, అప్పుల్లేవు" అంటారు. అది అబద్ధమైతే?

రద్దు క్లాజు: ఒప్పందం పోతుంది, అడ్వాన్స్ వెనక్కి రావాలి.
పరిహారం క్లాజు: ఇల్లు మీదే, పడ్డ నష్టం అమ్మినవారు కట్టాలి.

రిజిస్ట్రేషన్‌కు ముందు రద్దే చవక. సేల్ డీడ్ అయ్యాక స్టాంపు డ్యూటీ, బ్యాంకు లోను మెడకు చుట్టుకుంటాయి. అమ్మినవారు ఒప్పుకోకపోతే కోర్టు తప్పదు. పరిహారంలో శ్రమ వేరు: ట్యాంకర్ బిల్లుల దగ్గర్నుంచి ప్రతి నష్టానికీ రుజువు మీరే దాచుకోవాలి.

1872 కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ ప్రకారం, క్లాజు లేకపోయినా రద్దు హక్కు ఉంటుంది. అయితే మోసపు ఉద్దేశం లేని తప్పుడు మాటైతే, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకోగలిగినవారికి ఆ హక్కు ఉండదు. అందుకే క్లాజు ఎంత గట్టిదైనా రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్లో ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. చాలామంది వదిలేసేది ఇదే, నాకు బాధ కలిగించేదీ ఇదే. నిజం తెలిశాక రద్దు దావాకు గడువు 3 ఏళ్ళు.

టైటిల్ (యాజమాన్య హక్కు), ఖాతా, అప్పుల విషయంలో రద్దు రాయించండి. నీళ్ళు, పార్కింగ్, మెయింటెనెన్స్ బకాయిలకు పరిహారం చాలు. అమ్మేవారు విదేశాల్లో ఉంటే పరిహారం వసూలు కష్టం. రద్దుకే పట్టుబట్టండి, అడ్వాన్స్ తక్కువ ఇవ్వండి.