కోనీ ఐలాండ్ వీధుల్లో రికో జీఆర్ 3: ఏళ్ల వాడకం తర్వాత

న్యూయార్క్‌లో బ్రూక్లిన్ దక్షిణ కొసన, సముద్రపు ఒడ్డున వినోద పార్కులతో ఉన్న కోనీ ఐలాండ్‌లో వీధి ఫొటోలకు ఏ కెమెరా మంచిదని ఎవరడిగినా, 2019లో వచ్చిన ఈ రికో జీఆర్ 3 పేరే చెబుతాను. 257 గ్రాముల బరువు, జేబులో పట్టే సైజు ఒక సుఖం. అంతకన్నా పెద్ద సుఖం దీనికి జూమ్ లేకపోవడం.

అక్కడ ఈ ఏడు చూసిన దుకాణం వచ్చే ఏడు ఉంటుందన్న భరోసా లేదు. 2008లో ఆస్ట్రోలాండ్ అనే వినోద పార్కు మూతపడింది. మరుసటి ఏడు, ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలు మారాయి. 2010లో ఆ స్థలంలోనే లూనా పార్క్ అనే కొత్త వినోద పార్కు తెరిచారు. బోర్డ్‌వాక్ మీద, అంటే బీచ్ వెంబడి సాగే నడకదారి మీద, కొన్నిచోట్ల పాత చెక్క పోయి కాంక్రీటు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. ఇలాంటి చోట ఒకే కోణం నుంచి ఏళ్ల తరబడి తీసిన ఫొటోలకే నా దృష్టిలో విలువ ఎక్కువ. మారని 28 ఎంఎం (ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో) వెడల్పు కోణపు లెన్స్‌తో పాత ఫ్రేమును మళ్లీ పట్టుకోవడం సులువు, ముందుకో వెనక్కో జరిగితే చాలు. కదలని గుర్తులుగా 1920 నాటి వండర్ వీల్ అనే జెయింట్ వీల్, 1927 నాటి సైక్లోన్ అనే రోలర్ కోస్టర్ ఉన్నాయి. రెండూ నగరం రక్షిత కట్టడాలుగా ప్రకటించినవే. సర్ఫ్ అవెన్యూ, వెస్ట్ 10వ వీధి మూలలో నిలబడి, సైక్లోన్ చట్రాన్ని ఫ్రేము అంచుకు ఆనించండి. కెమెరా ఎత్తు, నెల, గంట రాసిపెట్టుకోండి. నెల తప్పితే నీడలు కలవవు, పోలిక చెడుతుంది.

జనాన్ని తీసేటప్పుడు ఆటోఫోకస్‌ను నమ్ముకోవద్దు. మసక వెలుతురులో అది తడుముకుంటుంది. స్నాప్ ఫోకస్‌ను (ముందే ఎంచుకున్న దూరానికి ఫోకస్‌ను నిలిపే అమరిక) 1.5 మీటర్లకు, ఎపర్చర్‌ను (లెన్స్ రంధ్రం, ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) ఎఫ్8కు పెడితే దాదాపు 0.9 నుంచి 4.7 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. షట్టర్ బటన్‌ను ఒక్క ఊపులో చివరిదాకా నొక్కితే ఫోకస్ కోసం ఆగదు. ఏవీ మోడ్ (ఎపర్చర్ మనం ఎంచుకుంటే షట్టర్ వేగాన్ని కెమెరా చూసుకుంటుంది), ఆటో ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే తీవ్రతను కెమెరాయే మార్చుకుంటుంది), కనీస షట్టర్ వేగం 1/500 సెకను నా స్థిరమైన అమరిక. ఎఫ్5.6కు తెరిస్తే ఆ పరిధి 1 నుంచి 2.9 మీటర్లకు కుంచించుకుపోతుంది. నాథన్స్ హాట్‌డాగ్ దుకాణం ముందు వరుసలో నిలబడ్డవాళ్లకు అది చాలు, బోర్డ్‌వాక్ వెడల్పుకు చాలదు.

బోర్డ్‌వాక్ తూర్పు పడమరలుగా సాగుతుంది, సముద్రం దక్షిణాన. కాబట్టి దాని మీది దుకాణాలు దక్షిణముఖంగా ఉంటాయి. చలికాలంలో సూర్యుడు కిందుగా తిరుగుతాడు కనుక షట్టర్లు దించిన దుకాణాల మీద పొద్దంతా ఏటవాలు వెలుగు. చేత్తో రాసిన బోర్డుల మీద పెచ్చులూడుతున్న రంగు అప్పుడే పొరపొరగా కనిపిస్తుంది. ఆ బోర్డులు ఉండగానే తీసిపెట్టుకోవాలి. జూన్ మధ్యాహ్నం మాత్రం కనుగుంటల్లో నల్లని నీడలు పడతాయి. అప్పుడు బీచ్‌లోకి దిగండి, ఇసుక కింది నుంచి ముఖాల మీదికి వెలుగు కొడుతుంది. ఆ తెలుపు చూసి కెమెరా ఫొటోను చీకటి చేస్తుంది, ఎక్స్‌పోజర్ సవరణను +0.7కు పెంచి వెలుగు ఎక్కించాలి.

అసలు చిక్కు ఈ ఇసుకతోనే. ఈ కెమెరాకు దుమ్ము, తడి నుంచి రక్షణ లేదు. ఆన్ చేసినప్పుడల్లా లెన్స్ గొట్టం బయటికొస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికి పోతుంది. అలా సాగే ఏ కెమెరా అయినా గాలితో పాటు ధూళినీ పీల్చుకుంటుంది. సెన్సర్ మీద చేరిన మచ్చ ఎఫ్11 దాటాక ఆకాశంలో బయటపడుతుంది. లెన్స్ విడిగా ఊడదు కనుక ఇంట్లో తుడుచుకునే వీల్లేదు, సర్వీసుకు పంపాల్సిందే. లెన్స్ చుట్టూ అమరే రికో జీఏ-1 అడాప్టర్ బిగించి 49 ఎంఎం ఫిల్టర్ పెడితే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. జేబులో ఎత్తుగా ఉన్నా బీచ్‌లో ఆ అడాప్టర్‌ను ఊడదీయొద్దు. ఇంటికి చేరాక ముందు బ్లోయర్‌తో (గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊది, ఆ తర్వాతే కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో కెమెరా ఒంటికి పట్టిన ఉప్పు తుడవండి. ముందే తుడిస్తే రేణువులు గీతలు పెడతాయి.

వ్యూఫైండర్ లేదు, స్క్రీన్ వంగదు. ఎండలో దాదాపు అంచనా మీదే తీయాలి. బ్యాటరీ 200 ఫొటోలకని కంపెనీ లెక్క, చలిగాలిలో అదీ రాదు. అదనంగా రెండు పెట్టుకోండి. రాత్రి పారాషూట్ జంప్ అనే పాత ఉక్కు బురుజు మీది ఎల్ఈడీ దీపాలను 1/60 సెకను కన్నా వేగమైన షట్టర్‌తో తీస్తే కొన్ని ఆరిపోయినట్టు పడవచ్చు.

న్యూయార్క్‌లో వీధిలో, బోర్డ్‌వాక్ మీద చేతి కెమెరాతో తీయడానికి పర్మిట్ అక్కర్లేదు. వినోద పార్కుల గేటు లోపల మాత్రం ఆ పార్కుల వాళ్ల నియమాలు. ముఖం కనిపించే ఫొటో వ్యాపార ప్రకటనలోకి వెళ్లాలంటే మాత్రం ఆ మనిషి రాతపూర్వక అనుమతి కావాలి.