హన్మకొండలో దొరికే ‘ఆర్కిటెక్చర్ సెట్టు’: ఏది తీసుకోవాలి, ఏది షాపులోనే వదిలేయాలి

బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) సీటు ఖాయం కాగానే హన్మకొండ, వరంగల్ స్టేషనరీ షాపుల ముందు అమ్మానాన్నలు కనబడటం మొదలవుతుంది. సీటు హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో వచ్చినా, విజయవాడ ఎస్‌పీఏలో వచ్చినా, సామాను మాత్రం ఇక్కడే కొనిచ్చి పంపితే ఒక పని అయిపోతుందని వాళ్ల ఆలోచన. కౌంటర్ మీదికి ఒక పెద్ద సంచి వస్తుంది. బోర్డు, మినీ డ్రాఫ్టర్, టీ-స్క్వేర్, సెట్ స్క్వేర్లు, అట్ట స్కేళ్లు, ఫ్రెంచ్ కర్వులు, కంపాస్ పెట్టె, పెన్సిళ్లు, క్లిప్పులు, షీట్లు, ట్యూబు. “విడిగా ఇస్తారా అన్నా?” అంటే “సెట్టే తీస్కో తమ్మీ, తక్కువల పడుతది” అంటారు.

తక్కువల పడదు. సంచిలో సగం వస్తువులు ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కు సరిపోయేవి. అందులో షాపువాళ్ల మోసం ఏమీ లేదు. 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ పెట్టిన ఊరు ఇది, ఇక్కడ ఎక్కువగా అమ్ముడుపోయేది ఇంజినీరింగ్ పిల్లల సామానే. దానికే నాలుగు కలర్ పెన్సిళ్లు కలిపితే ఆర్కిటెక్చర్ సెట్టు. ఇంజినీరింగ్‌లో డ్రాయింగ్ ఒకటి రెండు సెమిస్టర్ల పేపరు. బీఆర్క్ ఐదేళ్ల కోర్సు, కనీసం మొదటి ఏడాదంతా చేతి గీతే, అదీ పెద్ద షీటు మీద. తేడా అంతా ఇక్కడే వస్తుంది.

ముందు బోర్డు సంగతి. సెట్లో వచ్చేది ఎక్కువగా డీ2, అంటే 700 × 500 మి.మీ. దాని మీద ఏ2 షీటు (594 × 420) పడుతుంది. స్టూడియోలో, అంటే కాలేజీ డ్రాయింగ్ క్లాసులో అడిగేది ఏ1, అది 841 × 594. నిలువుగా పెట్టినా అడ్డంగా పెట్టినా బోర్డు దాటి వేలాడుతుంది. కావాల్సింది డీ1, 1000 × 700 మి.మీ. బస్సులో మోయడం కష్టమే, అందుకని చిన్నది కొంటే రెండు నెలల్లో మళ్లీ పెద్దది కొనాల్సి వస్తుంది. పెద్ద బోర్డును చదివే ఊళ్లోనే కొని రూములో పెట్టుకోవడం నయం. ఎక్కడ కొన్నా స్టీలు స్కేలును బోర్డు మీద మూల నుంచి మూలకు నిలబెట్టి, కంటిని బోర్డు మట్టానికి దించి చూడాలి. స్కేలు కింద నుంచి వెలుతురు కనబడితే ఆ బోర్డు వంగింది. గోడకు ఏటవాలుగా ఆనించి పెట్టిన బోర్డులు వానాకాలంలో ఎక్కువ వంగుతాయి, షాపులో ఎలా పెట్టారో కూడా గమనించండి.

మినీ డ్రాఫ్టర్‌ను నిస్సంకోచంగా వదిలేయొచ్చు. బోర్డు పైమూలకు బిగించే ఆ చేతులు ఏ1 షీటు అవతలి అంచు దాకా పోయేసరికి కీళ్లలోని కొద్దిపాటి వదులు పెద్దదై గీత వాలుతుంది. దాని బదులు పారలెల్ బార్ తీసుకోవాలి. బోర్డు రెండు పక్కలా దారం మీద జారే బార్ అది. దాని మీద సెట్ స్క్వేర్ ఆనించి నిలువు గీతలు గీస్తారు. దారం సాగితే ఒక చివర వెనకబడుతుంది, అందుకే దారం బిగించుకునే ఏర్పాటు ఉన్నదే కొనండి. బార్ అడుగున పెన్సిల్ పొడి అంటుకుని షీటంతా మసి పూస్తుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి.

టీ-స్క్వేర్ కొనేవాళ్లు రెండు పరీక్షలు చేయాలి. తలను గట్టిగా పట్టుకుని పట్టీ చివరను వేలితో నెట్టి చూడండి. కదిలితే వద్దు. తల దగ్గర ఒక్క డిగ్రీ తప్పితే 800 మి.మీ. పోయేసరికి గీత 14 మి.మీ. పక్కకు పోతుంది. రెండోది, దూరంగా రెండు చుక్కలు పెట్టి పట్టీ అంచుతో కలపండి. కాగితాన్ని అటుదిటు తిప్పి, అదే అంచుతో అవే చుక్కలను మళ్లీ కలపండి. రెండు గీతల మధ్య కన్ను ఆకారంలో సందు కనబడితే అంచు వంకర.

సెట్ స్క్వేర్లకూ ఇలాంటి పరీక్షే ఉంది, షాపులో నిమిషం పని. బార్ మీదో, కదలని స్కేలు మీదో సెట్ స్క్వేర్ ఆనించి నిలువు గీత గీయాలి. సెట్ స్క్వేర్‌ను బోర్లా తిప్పి, ఆ గీత మొదలైన చోటి నుంచే ఇంకో గీత గీయాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే మూల సరిగ్గా 90 డిగ్రీలు. విడిపోతే ఆ ఎడం అసలు తప్పుకు రెట్టింపు, అందుకే చిన్న తప్పు కూడా దొరికిపోతుంది. సెట్లో వచ్చే ఆరంగుళాల జత చాలదు. కనీసం 25 సెం.మీ.ది ఉండాలి. మెట్లు, ఏటవాలు కప్పులు గీయడానికి కోణం మార్చుకునే అడ్జస్టబుల్ సెట్ స్క్వేర్ ఒకటి తోడుంటే పని సగమవుతుంది.

అట్ట స్కేళ్లు ఎం1 నుంచి ఎం8 దాకా ఎనిమిది ఇస్తారు. మనకు పనికొచ్చేవి ఎం3 (1:10, 1:20), ఎం4 (1:50, 1:100), సైటు ప్లాన్లకు ఎం5 (1:200, 1:500). మిగతావి సంచి బరువు. వీటి బదులు మూడు పలకల స్కేలు కొంటే మంచిదే కానీ జాగ్రత్త, దాని మీద 1:100 ఉన్నట్టే 1:125 కూడా ఉంటుంది. రాత్రి రెండింటికి కళ్లు మూతలు పడుతున్నప్పుడు పలక తిరిగిపోతే 10 మీటర్ల గోడ 100 మి.మీ. రావాల్సింది 80 మి.మీ. వస్తుంది. ప్లాన్ సగం అయ్యాక గానీ తెలియదు. వాడే పలక మీద చిన్న రంగు టేపు ముక్క అంటించుకోండి.

పెన్నుల దగ్గరే డబ్బు ఎక్కువ పోతుంది. కొన్ని షాపుల్లో రోట్రింగ్ ఐసోగ్రాఫ్ చూపించి ఇది లేకుండా ఆర్కిటెక్చర్ లేదన్నట్టు చెబుతారు. పెన్ను గొప్పదే, గీత ఒకే మందంతో వస్తుంది, ఇంకు నింపుకోవచ్చు. కానీ అది రోజూ గీసేవాళ్ల పెన్ను. వేసవి సెలవుల్లో ఇంకుతో అలాగే వదిలేస్తే, మన ఎండలకు లోపల సిరా గడ్డకట్టి జూన్‌లో ఒక్క చుక్క రాదు. అప్పుడు ముక్కు విప్పి గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. లోపలి సన్నని తీగను మాత్రం బయటికి లాగకూడదు, 0.1, 0.2 సైజుల్లో అది వంగిందంటే పెన్ను పోయినట్టే. మొదటి ఏడాదికి వాడి పారేసే ఫైన్‌లైనర్లు చాలు. మూడు మందాలు కావాలి: సెక్షన్‌లో (భవనాన్ని కోసినట్టు చూపే బొమ్మలో) కోత పడిన గోడలకు 0.5, ఎదురుగా కనబడే అంచులకు 0.3, కొలతలకు, హ్యాచింగ్‌కు (దగ్గర దగ్గర గీతలతో నింపడానికి) 0.1. ఇక్కడో తిరకాసు ఉంది. సకురా మైక్రాన్ మీద ఉండే 01 అంటే 0.1 మి.మీ. కాదు, 0.25. దానికంటే సన్నగా గీసే 005 కూడా 0.20. 03 అంటే 0.35, 05 అంటే 0.45. 01, 03 కొని తెచ్చుకుంటే షీటు మీద రెండు గీతలూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, సెక్షన్ ఎక్కడ కోసిందో తెలియదు. 005, 03, 08 తీసుకుంటే తేడా కంటికి ఆనుతుంది. ఈ మూడు మందాల అలవాటే తర్వాత ఆఫీసుల్లో ఆటోక్యాడ్ పెన్ సెట్టింగుల్లో పనికొస్తుంది. చేత్తో గీయనివాళ్ల క్యాడ్ ప్లాన్లలో తలుపూ గోడా ఒకే మందంలో ఉండటం అందుకే.

సిరా పాకే సమస్య పెన్నుది కాదు. సెట్ స్క్వేర్ అంచు కాగితానికి అంటుకుని ఉంటే సిరా కిందికి జారుతుంది. అంచుకు అర సెంటీమీటరు లోపలగా మాస్కింగ్ టేపు రెండు మూడు పొరలు అంటిస్తే స్కేలు కొద్దిగా లేస్తుంది, అంతటితో సరి.

షీట్ల విషయంలో సెట్టును అసలు నమ్మవద్దు. కార్ట్రిడ్జ్ (దళసరి డ్రాయింగ్ కాగితం) అని చెప్పి కట్టలో చార్టు కాగితం చుట్టి పెడతారు. ఒక మూల ఎరేజర్‌తో గట్టిగా పదిసార్లు రుద్ది, అక్కడే పెన్నుతో గీత గీయమని అడగండి. పీచు లేచి గీత ఈకలా విచ్చుకుంటే వద్దని చెప్పేయండి. గేట్‌వే ట్రేసింగ్ పేపరు విడిగా కొనాలి, 90 జీఎస్ఎం. దాని మీద తప్పు గీతను సగం బ్లేడుతో సున్నితంగా గీకేయొచ్చు. కార్ట్రిడ్జ్ మీద అదే పని చేస్తే చిల్లు పడుతుంది. తడి చేత్తో ముట్టుకుంటే ట్రేసింగ్ ఉబ్బి అలలు తేలుతుంది, చెమట చేతి కింద ఓ కాగితం ముక్క ఉంచుకోవాలి.

డ్రాయింగ్ క్లిప్పులు కూడా సెట్లోనే వస్తాయి. పారలెల్ బార్ వాటికి తగిలి ఆగుతుంది. మాస్కింగ్ టేపు చాలు. సెలోటేప్ వద్దు, తీసేటప్పుడు షీటు మూల దానితో పాటే వస్తుంది.

ఇక సెట్లో ఉండాల్సి ఉండీ లేని సామాను, మోడల్‌కు కావాల్సినది. కొందరు షాపువాళ్లు అడగకుండానే థర్మోకోల్ షీటు, ఫెవిబాండ్ ట్యూబు పక్కన పెడతారు. ఆ రెండూ కలవకూడదు. ఫెవిబాండ్ గానీ ఫెవిక్విక్ గానీ పడ్డ చోట థర్మోకోల్ కరిగి గుంట అవుతుంది. థర్మోకోల్‌కు ఫెవికాలే, ఆరడానికి ఓపిక పట్టాలి. అసలు మోడల్‌కు థర్మోకోల్ కంటే సన్‌బోర్డు (గట్టి ఫోమ్ షీటు), మౌంట్ బోర్డు (దళసరి అట్ట) మేలు. సన్‌బోర్డుకు ఫెవిక్విక్ చక్కగా పట్టుతుంది. సన్‌బోర్డు స్టేషనరీ షాపులో కాదు, ఫ్లెక్స్ ప్రింటింగ్ వాళ్ల దగ్గర అడగాలి. వాళ్ల దగ్గర 8 × 4 అడుగుల షీట్లుంటాయి. దాని మీద ముందే గీసుకుంటే ఐదు ఏ1 ముక్కలు వస్తాయి: నాలుగు అడ్డంగా, మిగిలిన పట్టీలో ఒకటి నిలువుగా. ఊరికే నరికిస్తే నాలుగే.

మందం ఎంచుకోవడమే అసలు తెలివి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ 230 మి.మీ. 1:100లో అది 2.3 మి.మీ., కాబట్టి 2 మి.మీ. మౌంట్ బోర్డు సరిపోతుంది. అదే గోడ 1:50లో 4.6 మి.మీ., అప్పుడు 5 మి.మీ. సన్‌బోర్డు. నాలుగున్నర అంగుళాల గోడ 1:50లో మళ్లీ 2 మి.మీ. బోర్డే. ‘మోడల్‌కు 3 మి.మీ.’ అని కళ్లు మూసుకుని కొంటే 1:100లో గోడ అడుగు మందం అవుతుంది, గదులు ఇరుకైపోతాయి. మూలల దగ్గర రెండు గోడలు కలిసేచోట ఒకదాని పొడవులోంచి బోర్డు మందం తీసేయాలి. మొదటి మోడల్లో దాదాపు అందరూ మరిచేది ఇదే, పైకప్పు కూర్చోదు. పద్మాక్షి గుట్ట లాంటి ఏటవాలు సైటుకు మీటరుకో కాంటూరు (ఒకే ఎత్తును చూపే గీత) పేరిస్తే 1:200లో 5 మి.మీ. పొర, 1:500లో 2 మి.మీ. పొర.

కట్టర్ 9 మి.మీ. బ్లేడుది, కింద కటింగ్ మ్యాట్, పక్కన స్టీలు స్కేలు. ప్లాస్టిక్ స్కేలు పట్టి కోస్తే బ్లేడు స్కేలునే చెక్కుతుంది, ఆ తర్వాత ఆ స్కేలుతో నేరు గీత రాదు. ఒకే దెబ్బకు కోయాలని నొక్కకుండా మూడు నాలుగుసార్లు తేలిగ్గా లాగండి. బ్లేడు మొన మొద్దుబారగానే ఒక ముక్క విరిచేయాలి. వేళ్లు తెగేది ఎక్కువగా మొద్దు బ్లేడుతోనే.

వేయి స్తంభాల గుడి, ఖిల్లా వరంగల్ తోరణాల లాంటివి కొలిచి గీసే పని పడితే కావాల్సినవి ఈ సెట్లో ఒక్కటీ లేవు: 30 మీటర్ల ఫైబర్ టేపు, 5 మీటర్ల స్టీలు టేపు, మేస్త్రీలు నిలువు చూసుకునే గుండు, లెవెల్ పైపు. ఇవి హార్డ్‌వేర్ షాపు సరుకు. పైపులో గాలి బుడగ ఉంటే మట్టం తప్పుతుంది, నీళ్లు నింపాక బుడగలు పోయేదాకా పైపును తడుతూ ఉండాలి.

ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా రాసేవాళ్లకైతే ఈ సెట్టు అసలు అక్కర్లేదు. ఇప్పటి పద్ధతిలో డ్రాయింగ్ భాగం 90 నిమిషాలు, 80 మార్కులు. అందులో పని చేసేవి హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు, కలర్ పెన్సిళ్లు, ఎరేజర్. బీఆర్క్ కోసమే పెట్టే జేఈఈ మెయిన్ పేపర్ 2ఏకు వీటితో పాటు జామెట్రీ బాక్సు తీసుకెళ్లాలి. వాటర్ కలర్లు అక్కడ ఒప్పుకోరు.

అయితే సంచిలోంచి ఏం తీసుకోవాలంటే పెన్సిళ్లు, ఎరేజర్, పెన్ను అమర్చుకునే వీలుంటే కంపాస్ పెట్టె, ట్యూబు. ట్యూబు కూడా లాగి చూశాకే. ఏ1 షీటును పొట్టి అంచు వెంబడి చుట్టినా లోపల 60 సెం.మీ. పొడవు కావాలి, పొడుగు అంచు వెంబడి చుడితే 85. లాగితే పెరిగే ట్యూబుల్లో లాక్ వదులుగా ఉంటే కాజీపేటలో రైలెక్కేటప్పుడే రెండు ముక్కలవుతుంది. బిగించి, మూత కిందికి పట్టుకుని ఒకసారి గట్టిగా విదిలించండి. ఊడిందంటే ఇంకోటి చూపించమనండి.