“అక్కడ మీకు పొయ్యి ఏది?”: విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక స్టీలు సామాన్ల దుకాణం

మాఘమాసంలో మా పెళ్ళయింది. మావారికి జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగం ఖాయమై, ఇద్దరి వీసాలూ చేతికి వచ్చేసరికి శ్రావణం దాటింది. కొత్త కాపురానికి కావలసిన వంట సామాను కొనడానికి అమ్మ నన్ను వన్‌టౌన్‌కు, కాళేశ్వరరావు మార్కెట్టుకు దగ్గరలోని సందులో తాను 30 ఏళ్ళుగా వెళ్తున్న స్టీలు సామాన్ల దుకాణానికి తీసుకువెళ్ళింది. అక్కడ కొన్న సామానుతో పరాయి దేశంలో ఆరు వారాలు వండుకుని తిన్న తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

మేము వెళ్ళేటప్పటికే మా ఇంట్లో 5 లీటర్ల అల్యూమినియం కుక్కరు ఒకటి సిద్ధంగా ఉంది. నగరంలోనే మరొక చోట, ఏ పొయ్యి మీదైనా పనిచేస్తుందని గట్టిగా చెబితే నమ్మి కొన్నాము. ఇక గిన్నెలు, మూకుడు, పెనం, ఇడ్లీ పాత్ర తీసుకుంటే సరిపోతుందని అమ్మ పట్టీ చదవబోతుండగా, దుకాణం పెద్దాయన ఆపి, “అమ్మాయ్, అక్కడ మీకు పొయ్యి ఏది? గ్యాసా, కరెంటా? కరెంటయితే ఇండక్షనా, మామూలు కాయిలా?” అని అడిగారు. మా ఇద్దరికీ తెలియదు. “అయితే ఈవేళ ఏమీ కొనవద్దు తల్లీ, కనుక్కుని రండి, సామాను ఎక్కడికీ పోదు” అని చెప్పి మమ్మల్ని వెనక్కి పంపించారు. ఎదురుగా నిలబడి డబ్బు ఇవ్వబోతున్నవారిని ఆ విధంగా తిప్పి పంపిన వ్యాపారిని నేను అంతకుముందు చూడలేదు. ఆ సాయంత్రమే మావారు మ్యూనిక్ ఇంటి యజమానికి ఈమెయిలు రాస్తే వంటగది ఫోటో వచ్చింది. నల్లని గాజు పలక, దాని మీద నాలుగు వలయాలు. ఇండక్షన్ పొయ్యి.

మరునాడు పెద్దాయన గల్లాపెట్టెలోంచి దారం కట్టిన చిన్న అయస్కాంతం తీశారు. ఇక్కడే అమ్మకూ ఆయనకూ చిన్న వాదం నడిచింది. అయస్కాంతం అంటుకుంటే నాసిరకం స్టీలనీ, అంటుకోకపోతే మేలురకమనీ మా ఇళ్ళలో తరతరాలుగా అనుకునే మాట. అమ్మ ఎప్పుడూ అలా చూసుకునే గిన్నెలు కొన్నది. ఆయన ఓపికగా వివరించారు. ఇండక్షన్ పొయ్యి మంటతో కాక, మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రంతో గిన్నె అడుగులోనే వేడిని పుట్టిస్తుంది. అందుచేత అయస్కాంతం పట్టని అల్యూమినియం, రాగి, ఇత్తడి పాత్రలను ఆ పొయ్యి గుర్తించదు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిసిన మేలురకం స్టీలు కూడా సాధారణంగా అయస్కాంతానికి అంటదు కనుక, దానితో మాత్రమే చేసిన గిన్నె కూడా పనికిరాదు. “పక్కలకు అంటకూడదు చెల్లెమ్మా, అడుగుకు అంటాలి” అని ఆయన ఒక కుక్కరును తిరగేసి చూపించారు. పైభాగమంతా మేలురకం స్టీలు, అడుగున మాత్రం అయస్కాంతం పట్టే లోహపు పలక అతికి ఉంది. అమ్మ స్వయంగా అయస్కాంతం పట్టుకుని పక్కలకూ అడుగుకూ ఆనించి చూసి, “సరే అన్నయ్యగారూ, ఇదే ఇవ్వండి” అన్న తరువాతనే ఆయన బిల్లు రాయడం మొదలుపెట్టారు.

ఈ దుకాణంలో నాకు మరీ నచ్చిన పద్ధతి, బిల్లుపై ధర పక్కన బరువు కూడా రాయడం. విదేశాలకు వెళ్ళేవారికని చెబితే ప్రతి వస్తువునూ కాటా మీద పెట్టి, అంకె వేసి, చివర కూడిక చూపిస్తారు. మా టికెట్టుపై ఒక్కొక్కరికి 23 కిలోలే అనుమతి. 3 లీటర్ల స్టీలు కుక్కరు, రెండు గిన్నెలు, పోత ఇనుము పెనం, అడుగు చదునుగా ఉన్న మూకుడు కలిపి 9 కిలోలు తేలాయి. ఆ లెక్క చూసిన తరువాతే అమ్మ సారెగా ఇవ్వదలచిన ఇత్తడి గిన్నెలను ఇంట్లో ఉంచేయడానికి ఒప్పుకుంది. కుక్కరుతో పాటు అదనంగా ఒక గాస్కెట్టు, ఒక సేఫ్టీ వాల్వు పెట్టి, వాటి మోడల్‌ను బిల్లు వెనుక రాసి ఇచ్చారు.

మేము శనివారం రాత్రి 9 గంటలకు మ్యూనిక్ ఇంటికి చేరాము. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో దుకాణాలు రాత్రి 8 గంటలకు మూసేస్తారు. ఆదివారం దాదాపు ఏమీ తెరవరు. ఆ సంగతి మాకు తెలియదు. పాల ఉత్పత్తులను యూరప్‌లోకి తీసుకురానివ్వరు కనుక నెయ్యి కూడా విజయవాడలోనే ఉండిపోయింది. పెట్టెలో ఉన్నవి రెండు కిలోల బియ్యం, కందిపప్పు, కందిపొడి, ఆవకాయ. తాళాలు తీసుకున్న అరగంటకు ఆ గాజు పలక మీద కుక్కరు పెట్టి, మీట నొక్కి, అది గుర్తిస్తుందో లేదోనని ఇద్దరమూ ఊపిరి బిగబట్టి చూశాము. ఎర్ర అంకె వెలిగింది. కాసేపటికి మొదటి విజిల్ వచ్చినప్పుడు నాకు కన్నీళ్ళు ఆగలేదు. అల్యూమినియం కుక్కరే తెచ్చి ఉంటే సోమవారం ఉదయం వరకు మాకు వేడి అన్నం ఉండేది కాదు.

తరువాతి రెండు వారాలూ చిరునామా నమోదుకు, బ్యాంకు ఖాతాకు తిరగడంతోనే గడిచిపోయాయి. ఇల్లు చేరిన రెండు వారాలలోపు నగర కార్యాలయంలో నమోదు చేయించుకోవడం ఇక్కడ తప్పనిసరి. అలసి ఇంటికి వచ్చిన ప్రతి సాయంత్రమూ వంట తేలికగా సాగిందంటే ఆ సామాను చలవే. పప్పు మాత్రం మొదట్లో ఉడకలేదు. లోపం కుక్కరుది కాదు. మ్యూనిక్ కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ, కఠిన జలంలో పప్పు త్వరగా మెత్తబడదు. అరగంట నానబెట్టి, మరో రెండు విజిళ్ళు రానిస్తే సరిపోతున్నది. కుక్కరు లోపల పట్టే తెల్లని పొర వెనిగర్ కలిపిన నీళ్ళు మరిగిస్తే పోతున్నది.

లోపాలు కూడా చెప్పాలి. ఇనుముది కదా అని పెద్దాయన నమ్మకంగా ఇచ్చిన తాలింపు గరిటెను మా పొయ్యి అసలు గుర్తించదు. పొయ్యి వలయానికి కనీసం ఇంత వెడల్పు అడుగు ఉండాలనే నియమం ఉంటుంది, ఆ గరిటె అడుగు దానికి చాలదు. నాలుగు రోజులు తాలింపు లేని పప్పు తిని, చివరకు మూకుడులోనే తాలింపు వేయడం అలవాటు చేసుకున్నాను. అయస్కాంతంతో పాటు అడుగు వెడల్పును కూడా కొలిచి చెప్పడం ఆయన మొదలుపెట్టాలని నా కోరిక. రెండవది, అక్కడే కొన్న 750 వాట్ల మిక్సీకి ఇక్కడి సాకెట్టులో పట్టే అడాప్టరు వారి వద్ద లేదు. గవర్నర్‌పేటలో వెతుక్కోవలసి వచ్చింది. జర్మనీలోనూ మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జులు కనుక మిక్సీ చక్కగా తిరుగుతున్నది. అమెరికా వెళ్ళేవారు మాత్రం మన మిక్సీ తీసుకువెళ్ళవద్దు, అక్కడ 120 వోల్టులే. రాత్రి 10 దాటాక, ఆదివారాలలోనూ ఇక్కడ చప్పుడు చేయకూడదు కాబట్టి ఆదివారం పచ్చడిని శనివారమే రుబ్బుకుంటున్నాను.

ధరలు బేరానికి తగ్గవు. కుక్కరుకు 2,900 రూపాయలు చెప్పి, అంతే తీసుకున్నారు. ఆ ఒక్క ప్రశ్నకే అంత విలువ ఉన్నదని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను. సందు ఇరుకు, కారు లోపలికి పోదు. సాయంత్రాలు జనం ఎక్కువ కనుక ఉదయం 11 గంటల ప్రాంతంలో వెళ్తే పెద్దాయన తీరికగా మాట్లాడతారు. వెళ్ళేముందు మీరు దిగబోయే ఇంటి వంటగది ఫోటో ఫోనులో పెట్టుకుని వెళ్ళండి.

వచ్చే నెల మా ఆడపడుచు మా ఇంటికి వస్తున్నది. బిల్లు వెనుక పెద్దాయన రాసిన మోడల్‌ను ఆమెకు ఫోటో తీసి పంపాను; మరో రెండు గాస్కెట్లు, అడుగు వెడల్పుగా ఉండే చిన్న తాలింపు మూకుడు ఒకటి అక్కడి నుంచే తెమ్మని చెప్పాను.