ఏరోస్పేసా, మెకానికలా?

"మామయ్యా, రాకెట్ల మీద పనిచేయాలంటే బీటెక్‌లోనే ఏరోస్పేస్ తీసుకోవాలా, మెకానికల్ చేసి అటు మళ్లొచ్చా?" మొన్న మా అక్క కొడుకు అడిగాడు. నేను ఏరోనాటికల్, అంటే విమానాల ఇంజినీరింగ్ చదివినవాణ్ణి. నా వంతు వచ్చినప్పుడు ఈ మాట అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. అందుకే వాడితో కూర్చుని అంతా వివరంగా మాట్లాడాను.

మొదట చూడాల్సింది సీటు ఎక్కడ వస్తోందన్నది. బ్రాంచ్ సంగతి ఆ తర్వాతే.

తిరువనంతపురం దగ్గర వలియమలలో అంతరిక్ష శాఖ 2007లో పెట్టిన అంతరిక్ష శాస్త్ర, సాంకేతిక విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో వస్తే, మారు ఆలోచన లేకుండా ఏరోస్పేస్‌లో చేరాలి. దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకే చూస్తారు కానీ ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగ్ అయిన జోసాలో ఉండదు, విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఇది తెలియక అవకాశం పోగొట్టుకునే పిల్లలున్నారు. అక్కడ చదివాక మంచి మార్కులుండి, ఖాళీలుంటే ఇస్రోలోకి నేరుగా తీసుకుంటారు. బొంబాయి, మద్రాస్, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో వచ్చినా నా మాట అదే. కాన్పూర్‌కైతే సొంత రన్‌వే ఉంది. అక్కడి విద్యార్థులు విమానంలో గాల్లోకి వెళ్లి కొలతలు తీసుకుంటారు.

చదువులో తేడా ఎంతుందో చెప్పడానికి నాజిల్, అంటే రాకెట్ అడుగున వాయువు బయటికి తన్నే గొట్టం, ఒక్కటి చాలు. ధ్వని కంటే తక్కువ వేగంలో ఉన్న వాయువు, దారి ఇరుకైతే వేగం పుంజుకుంటుంది. ధ్వని వేగం దాటాక తిరగబడుతుంది, దారి వెడల్పైతేనే ఇంకా వేగం అందుకుంటుంది. రాకెట్ నాజిల్ నడుము సన్నగా, కింద గంటలా విచ్చుకుని ఉండేది అందుకే. మెకానికల్‌లో ఇది ఒక అధ్యాయంలో అయిపోతుంది. ఏరోస్పేస్‌లో గ్యాస్ డైనమిక్స్ అని దీని చుట్టూ ఒక పేపరే ఉంటుంది. ఆ లెక్క మొదటిసారి తేలినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ మరువలేను. అటు మెకానికల్ వాళ్లకు యంత్రాల డిజైన్, తయారీ, ఉష్ణశాస్త్రం గట్టిగా వస్తాయి. అవి రాకెట్‌కూ కావాలి, కారుకూ కావాలి.

ఇక పేరులేని ప్రైవేటు కాలేజీలో ఏరోనాటికల్ సీటైతే, వద్దనే చెప్పాను. నేను చదివిన చోట విండ్ టన్నెల్, అంటే నమూనాల మీదకి గాలి వదిలి పరీక్షించే సొరంగం, ఉండేది. నాలుగేళ్లలో అది తిరగడం చూసింది రెండుసార్లే. మా బ్యాచ్‌లో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోయారు. వాళ్లలో నాకంటే తెలివైనవాళ్లున్నారు, ఆ బాధ నాకింకా ఉంది. ఇస్రో సైంటిస్ట్-ఇంజినీర్ నోటిఫికేషన్లలో ఎక్కువగా కనిపించేవి మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఏరోస్పేస్‌కు వేరే పేపరుంది, కానీ ప్రభుత్వ సంస్థలు ఎక్కువగా పిలిచేది మెకానికల్ పేపరు రాసినవాళ్లనే.

హైదరాబాద్‌లోని ప్రైవేటు రాకెట్ కంపెనీ స్కైరూట్‌నే చూడండి, మెకానికల్ చదివీ రాకెట్లలోకి రావచ్చని తెలుస్తుంది. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగిరింది, దేశంలో ప్రైవేటు సంస్థ ప్రయోగించిన తొలి రాకెట్ అదే. స్థాపకుల్లో పవన్ కుమార్ చందన చదివింది ఖరగ్‌పూర్‌లో మెకానికల్.

అమెరికాలో ఎంఎస్ చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. అక్కడ రాకెట్లు, రక్షణ విమానాల పనిలో చాలా ఉద్యోగాలు ఐటార్ అనే ఆయుధ సాంకేతికత ఎగుమతి నిబంధనల కిందికొస్తాయి. పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే డిగ్రీ ఎంత మంచిదైనా ఆ తలుపులు దాదాపు మూసే ఉంటాయి. మెకానికల్ అయితే కార్లు, వైద్య పరికరాలు, సెమీకండక్టర్ల వైపు వెళ్లొచ్చు. అప్పు చేసి పంపే తల్లిదండ్రులు ఫీజు కట్టకముందే దీన్ని తెలుసుకోవాలి.

మా అక్క అయితే విమానాల మరమ్మతు లైసెన్సు కోర్సూ ఇదీ ఒకటే అనుకుంది. అది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కింద పూర్తిగా వేరే దారి.

మావాడి ర్యాంకు ఇంకా రాలేదు. ఐఐఎస్‌టీ, ఆ నాలుగు ఐఐటీలు అందితే ఏరోస్పేస్, లేదంటే ల్యాబులు బాగున్న చోట మెకానికల్ పెట్టమన్నాను. మెకానికల్‌లో చేరితే దొరికిన చోటల్లా గ్యాస్ డైనమిక్స్, ఫైనైట్ ఎలిమెంట్ (భాగాల బలాన్ని కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతి) ఎలక్టివ్‌లు తీసుకుని, గేట్ రాసి బెంగళూరు ఐఐఎస్‌సీలో ఏరోస్పేస్ ఎంటెక్‌కు గురిపెట్టాలి. ఐఐటీ హైదరాబాద్‌లో డిపార్ట్‌మెంట్ పేరే మెకానికల్ అండ్ ఏరోస్పేస్ అని చెబితే, వెంటనే కాగితం మీద దాన్ని ఆరో స్థానంలో రాసుకున్నాడు.