ఆరేళ్లు వాడాక 10×50 బైనాక్యులర్స్ గురించి

2019లో కొన్నా. అంతకుముందు డబ్బా మీద '525 రెట్లు' అని అచ్చేసిన ఒక టెలిస్కోపుకి డబ్బులు తగలేశాను. దాని స్టాండు చెయ్యి తగిలితే ఊగేది, ఊగడం ఆగేలోపు చందమామ పక్కకి జారిపోయేది. ఇప్పుడది అటక మీద పడుంది.

10 అంటే పది రెట్లు పెద్దగా కనిపిస్తుంది, 50 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లేనా అని మొదట్లో నాకూ చిన్నచూపే. కానీ చీకట్లో పూర్తిగా విచ్చుకున్న కంటిపాప 7 మిల్లీమీటర్లు ఉంటుంది, దానికంటే ఈ అద్దంలోకి దాదాపు యాభై రెట్లు వెలుతురు వస్తుంది, అసలు సంగతంతా అక్కడే ఉంది.

సంక్రాంతికి మార్కాపురం దగ్గర మా ఊరికి తీసుకెళ్లి డాబా మీద మా నాయనమ్మ చేతికిచ్చాను. కృత్తికల్ని ఆవిడ పిల్లలకోడి అంటుంది. ఆపరేషన్ చేయించుకుని శుక్లాలు తీయించుకున్న కన్ను ఆనించి చాలాసేపు చూసి, "ఒరే, దీనికి ఇంత సంతానం ఉందంట్రా" అంది. మామూలుగా ఆరు చుక్కలు లెక్కపెట్టే చోట ఇందులో నలభై దాటాక నేనే లెక్క తప్పాను.

గురుడి చుట్టూ నాలుగు చందమామలు కనిపిస్తాయి, కాకపోతే మోచేతులు పిట్టగోడకి ఆనించి ఊపిరి బిగబట్టాలి. శని వలయాలు కనిపించవు, అందరూ అడిగేది అదే, మహా అయితే కోలగా ఉన్న చుక్క. మే నెలలో రాత్రి పదింటప్పుడు దక్షిణాన కిందగా ఒమేగా సెంటారీ దొరుకుతుంది, లక్షల నక్షత్రాల గుంపు, చూడ్డానికి పిసరంత దూదిపింజ. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ ఊళ్లో తేలిగ్గా దొరికింది గానీ హైదరాబాద్‌లో మా డాబా మీద నుంచి నాకెప్పుడూ దొరకలేదు, ఎదురింటి ఎల్ఈడీ పుణ్యం. 2024 అక్టోబర్ తోకచుక్కని మాత్రం మబ్బులు విడిచిన రెండు సాయంత్రాలు పడమట పట్టుకున్నా.

ఇక తిట్లు. రెండో వానాకాలానికే లోపల అద్దానికి ఫంగస్ పట్టింది, సాలెగూడులా సన్నటి గీతలు. శుభ్రం చేయించి తెచ్చాక స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడుతున్నా, మళ్లీ రాలేదు. బరువు కిలోకి కాస్త తక్కువ, అరగంటకి మెడ లాగేస్తుంది. నులక మంచం మీద వెల్లకిలా పడుకుని చూస్తే ఆ బాధ లేదు, అయితే ఓసారి ఆ మంచం మీద నుంచే బైనాక్యులర్స్ కింద పడి ప్రతి చుక్కా రెండుగా కనిపించడం మొదలైంది, అది సరిచేయించడానికి కొన్న ధరలో సగం పోయింది. పిల్లల చేతికిస్తే పట్టీ మెడలో వేశాకే ఇవ్వండి, పగలు సూర్యుడి వైపు అస్సలు తిప్పనివ్వకండి, కన్ను పోతుంది.

కొనేముందు చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, సూర్యుడు లేని వైపు ఆకాశానికి పెట్టి, కన్ను ఆనించే అద్దాల్లో వెలుగు బిళ్లల్ని చూడండి. గుండ్రంగా ఉంటే తీసుకోండి, అంచులు కోసినట్టు పలకలుగా ఉంటే లోపల వేసింది చవక ప్రిజం. ట్రైపాడ్‌కి బిగించే ఎల్ ఆకారం క్లాంపు కూడా అప్పుడే కొనేయండి, నేను నాలుగేళ్లు ఆగాను.