ఆరేళ్లుగా 1064తో

డేటా దాచుకునే సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌ని ముట్టుకున్న ప్రతివాళ్లకీ 1064 ఎర్రర్ తెలుసు. మనం రాసిన తీరులో తప్పుందని చెప్పేది అదే. మాన్యువల్ చూసుకోమంటుంది, 'నియర్' (దగ్గర) అంటూ మన క్వెరీలోంచే, అంటే డేటా కోసం మనం రాసిన ఆదేశంలోంచే, ఓ ముక్క చూపించి ఊరుకుంటుంది. చాలామంది తిట్టుకుంటారు గానీ, నాకు అన్నం పెట్టింది ఆ నియర్ ముక్కే.

అమీర్‌పేటలో నేర్చుకునేటప్పుడు మా సార్ మొదటి వారంలోనే చెప్పారు: "అది చూపించే పదం మంచిదేనమ్మా, దానికి ముందేముందో చూడు." సర్వర్ మొదట్నుంచీ చదువుకుంటూ వచ్చి, ఇక ముందుకెళ్లలేని చోట ఆగుతుంది. ఆగిన చోటు నుంచే చూపిస్తుంది. 'సెలెక్ట్ రోల్‌నంబర్, మార్క్స్, ఫ్రమ్ రిజల్ట్స్' అని కొడితే 'ఫ్రమ్ రిజల్ట్స్' అని చూపిస్తుంది. ఫ్రమ్‌లో ఏ తప్పూ లేదు, ముందు మిగిలిపోయిన కామాదే తప్పు. నియర్ పక్కన ఖాళీ కోట్స్ వచ్చాయంటే క్వెరీ చివరిదాకా వెళ్లిపోయిందన్నమాట. నా విషయంలో అది దాదాపు ఎప్పుడూ మూయని బ్రాకెట్టే.

లైన్ నంబర్ నాకు ఉపయోగపడలేదు. మా సాఫ్ట్‌వేర్ క్వెరీ మొత్తాన్నీ ఒకే లైన్‌లో పంపుతుంది.

నేను పనిచేసే ఇంటర్ కాలేజీలో ఓ శనివారం సర్వర్‌ని మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్ నుంచి 8.0కి మార్చారు. నాకు మాట మాత్రం చెప్పలేదు. ఆదివారం మాక్ ఎంసెట్. సాయంత్రం ర్యాంకుల కోసం పేరెంట్స్ ఫోన్ల మీద ఫోన్లు. నాలుగేళ్లుగా నడుస్తున్న క్వెరీ 1064 అంది, 'ర్యాంక్ ఫ్రమ్ రిజల్ట్స్' దగ్గర. అలవాటుకొద్దీ ముందు వైపు వెతికాను. ముందు పేరు పెట్టడానికి వాడే 'యాజ్', దానికి ముందు బ్రాకెట్లలో సబ్‌క్వెరీ, అంటే క్వెరీ లోపలి క్వెరీ. బ్రాకెట్లు వేలుపెట్టి లెక్కపెట్టాను, సరిపోయాయి. మొత్తం మళ్లీ టైప్ చేశాను. రెండు గంటలు అలాగే పోయాయి. చివరికి 8.0 రిజర్వ్‌డ్ పదాల (సర్వర్ తన కోసం ఉంచుకున్న పదాల) లిస్టు తెరిస్తే అందులో ఉంది ర్యాంక్, నేను కాలమ్‌కి పెట్టుకున్న పేరు. ర్యాంకుల్లాంటివి లెక్కగట్టే విండో ఫంక్షన్లు వచ్చాక ఆ పేరు మైఎస్‌క్యూఎల్ వాళ్లు తీసేసుకున్నారు. ఆ పేరుకి రెండువైపులా బ్యాక్‌టిక్‌లు (` గుర్తులు) పెట్టగానే నడిచింది.

సార్ చెప్పింది తప్పనను. ఇప్పటికీ పదింట తొమ్మిదిసార్లు అదే పనిచేస్తుంది. కాకపోతే ఇప్పుడు ముందు ఆ పదాన్నే చూస్తున్నాను, అది నేను పెట్టుకున్న పేరా అని.

ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్, పోస్ట్‌గ్రెస్ అయితే ఆగిన పదం కింద గుర్తు గీసి మరీ చూపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే సులువేమో. మా డేటా అంతా మైఎస్‌క్యూఎల్‌లోనే ఉంది కాబట్టి నేను 1064తోనే ఉంటాను. ఆ కాలమ్ పేరు మాత్రం అన్ని రిపోర్టుల్లోనూ 'స్థానం' అని మార్చేశాను.