పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొంటున్నారా? లైటు వెలిగిందని బయానా ఇవ్వకండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేది) కోసం వెతుకుతున్నవారు ఇది చదివాకే డబ్బు తీయండి. ఆటోనగర్‌లో పాత బండ్లు అమ్మే ఒక వ్యాపారి దగ్గర నేను కొన్న డీజిల్ జీపులో నాలుగు చక్రాల ముచ్చట పేరుకే ఉంది. పనిచేసేవి వెనక రెండే. ఇది ఒక్కరి చేతివాటం కాదని, ఇలాంటివి తన దగ్గరికి ఇంకా వస్తున్నాయని మెకానిక్ చెప్పాడు. అందుకే రాస్తున్నాను.

చూపించేటప్పుడు లోటేమీ చేయలేదు. ఫోర్ వీల్ వేసే చిన్న గేరు కడ్డీ లాగగానే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగింది. బండిని మెల్లగా పోనిచ్చి, కింద ముందు ఇరుసుకు బలం మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు తిరగడం కూడా చూపించారు. ‘ఇంకేం కావాలి సార్?’ అన్నాడు బ్రోకరు. ఆ లైటు ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) మీది స్విచ్చుతో వెలుగుతుంది, అంటే కడ్డీ కదిలిందనడానికే అది గుర్తు. షాఫ్టు తిరిగితే శక్తి ముందు డిఫరెన్షియల్ (ఇరుసు మీది రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె) దాకా వచ్చినట్టు. అక్కడి నుంచి చక్రం వరకు ఉన్న రెండు మూడు అడుగుల్లోనే అసలు సంగతంతా ఉంది.

తొలి వానకే తుళ్లూరు వైపు నల్లరేగడిలో గుట్టు బయటపడింది. వెనక చక్రాలు బురద చిమ్ముతూ గుంత తవ్వుకుంటున్నాయి, ముందువి ఉలకలేదు పలకలేదు. చివరికి ట్రాక్టరు కట్టి లాగించాల్సి వచ్చింది. ఆ ట్రాక్టరు రైతు డబ్బు తీసుకోలేదు గానీ, బండి వెనక రాసి ఉన్న ‘4×4’ వైపు చూసి నవ్విన నవ్వుకు మాత్రం వెల కట్టలేను.

మెకానిక్ ముందు కుడి చక్రం మధ్యలోని హబ్బు మూత తీస్తే పళ్లున్న షాఫ్టు కొస సక్రమంగానే కనిపించింది. దాన్ని పట్టుకుని లాగితే జానెడు ముక్క చేతికొచ్చింది. జాయింటు అవతల ఉండాల్సిన పొడవాటి షాఫ్టే లేదు. గేర్ ఆయిల్ బయటికి కారకుండా ఇరుసు గొట్టంలో చెక్క బిరడా కొట్టి, చుట్టూ గ్రీజు పులిమారు. పనితనం చూస్తే తొందరలో చేసింది కాదు. విరిగిన షాఫ్టుకు బదులు కొత్తది వేయాలంటే ఖర్చు, బిరడాకు ఏమవుతుంది?

ఒక వైపు షాఫ్టు లేకపోతే రెండో వైపైనా లాగాలి కదా అని మీకు అనిపించవచ్చు. లాగదు. మామూలు డిఫరెన్షియల్‌లో అడ్డు లేని వైపే తిరుగుతుంది, రెండో చక్రానికి బలం అందదు. అసలు ఆ షాఫ్టు ఎందుకు విరిగి ఉంటుందో కూడా మెకానిక్ చెప్పాడు. ఈ పాత జీపుల్లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఇసుకలో, బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తిప్పితే ఆ మెలి అంతా షాఫ్టుల మీద, జాయింట్ల మీద పడుతుంది. బెంజి సర్కిల్‌లో దర్జాకు ఫోర్ వీల్ వేసుకుని తిరిగినవారి పుణ్యం తర్వాత కొన్నవారికి దక్కుతుందన్నమాట.

కొనేముందు ఈ పరీక్ష చేయించండి. చదునైన నేల మీద వెనక చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, ముందు రెండు చక్రాలనూ జాకీతో లేపి, ఇరుసు కింద స్టాండ్లు పెట్టించండి. ఇంజను ఆపే ఉండాలి. ఫోర్ వీల్ కడ్డీ వేసి, మొదటి గేరులో ఉంచండి. హబ్బు లాకులున్న (చక్రాన్ని షాఫ్టుతో కలిపేవి) మోడలైతే రెండూ ‘లాక్’ మీదకు తిప్పండి. ఇప్పుడు ఒక ముందు చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరగాలి. అది కదలకుండా ఇది ఒక్కటే హాయిగా తిరుగుతుంటే లోపల ఏదో లేనట్టే. ఈ స్థితిలో ఇంజను మాత్రం స్టార్ట్ చేయనివ్వకండి, వెనక చక్రాలు నేల మీదే ఉంటాయి కాబట్టి బండి ముందుకు దూకుతుంది. ఈ పరీక్షకు ఒప్పుకోని వ్యాపారికి దండం పెట్టి వచ్చేయండి.

రెండు డిఫరెన్షియళ్లలో, ట్రాన్స్‌ఫర్ కేసులో ఆయిల్ కూడా కొంచెం తీయించి చూడండి. నా బండిలో అది పాలు ఎక్కువైన టీలా ఉంది, అంటే లోపలికి నీళ్లు దిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ వైపు ఎన్ని బండ్లను ముంచిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. సీటు బెల్టు చివరంటా లాగితే ఒండ్రు గీత కనిపించవచ్చు, సీటు కింది బోల్టుల తుప్పు చూడండి. అడుగున కొత్తగా నల్లరంగు దట్టంగా కొట్టి ఉంటే రంగు కింద తుప్పు దాగి ఉందేమో ఛాసిస్‌ను చిన్న సుత్తితో తట్టించండి.

కాగితాల సంగతి అందరికీ తెలిసిందే. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ అయిందా, ఇంజను నంబరు ఆర్‌సీతో కలుస్తుందా అన్నవి ముఖ్యం. పాత జీపుల్లో ఇంజను మార్చి ఆర్‌సీలో ఎక్కించనివి చాలానే ఉంటాయి. అమ్మకపు కాగితంలో ‘ఉన్నది ఉన్నట్టు’ అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి, ‘ఫోర్ వీల్ డ్రైవ్ పనిచేస్తోంది’ అని రాయించండి. నా వ్యాపారి ఇప్పుడు ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న ఆ రెండు ముక్కలనే పట్టుకుని వేలాడుతున్నాడు. నోటీసు పంపాను. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది కాబట్టి బిరడానూ, ఆ జానెడు ముక్కనూ ఫొటోలు తీసి భద్రంగా దాచాను.

ఈలోగా షాఫ్టు కోసం పాత సామాన్ల దుకాణాలన్నీ తిరుగుతున్నాను. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కుడివైపుదే కావాలి. ఎడమది పనికిరాదు, పొడవులు వేరు.